వియ్యపురాళ్ళు కొండెక్కిన వైనం

వియ్యపురాళ్ళిద్దరు తగవు పడకుండా కలిసి విహారయాత్రకు వెళ్ళడం అసాధ్యమని రాష్ట్ర విహార సౌహార్ద మండలి నిపుణుల సంఘం వేసి మరీ తేల్చింది. ఈ సంగతి తణుకులో ఉండే సత్యవేణికి గాని, పక్కనే అత్తిలిలో ఉండే ఆమె వియ్యపురాలు దమయంతికి గాని తెలియదు. తెలియకపోబట్టే హార్సిలీ హిల్స్‌కి మండలి వారి బస్సులో రెండు టిక్కెట్లు కొనుక్కున్నారు.

మండలిని తప్పు పట్టడానికి లేదు. కిందటేడు వాళ్ళ బస్సులో ఎవరో ఇద్దరు వియ్యపురాళ్ళు కిటికీ పక్క సీటు కోసం పంతానికి పోతే, బస్సు కావలి దగ్గర సగం రోజు నిలిచిపోయింది. మామూలు కండక్టరైతే రెండో కిటికీ చూపించి ఊరుకునేవాడు. మండలి అలాంటి చౌకబారు పరిష్కారాలకు ఒప్పుకోలేదు. సమస్య మూలాల్లోకి వెళ్ళింది. ఒక విధానం తయారుచేసింది. దాన్ని అమలు చెయ్యడానికి ఉద్యోగాలు సృష్టించి, వాటిని మనుషులతో నింపింది. అలా నిండినవారిలో సహాయ సౌహార్దాధికారి ముక్కామల త్రినాథరావు ఒకరు. ఆ రోజు తెల్లవారుజామున తణుకు బస్టాండులో మండలి బస్సు మెట్టుకు అడ్డంగా నిలబడింది ఆయనే.

సత్యవేణికి ఈ ప్రయాణం మీద రెండేళ్ళ ఆశ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. భర్త పోయాడు, కొడుకూ కోడలూ కాకినాడలో ఉంటారు. దమయంతి ఆ కోడలి తల్లి. పెళ్ళిలో మగపెళ్ళివారికి కాఫీ చల్లారిపోయిందని గొడవ లేచినప్పుడు, దానికి చెరో పక్కా నాయకత్వం వహించవలసిన ఈ ఇద్దరూ వంటశాల వెనక నిలబడి, బూరెలమూకుడులోంచి అప్పుడే తీసిన బూరెలు ఊదుకుంటూ తింటున్నారు. స్నేహం అక్కడ మొదలైంది. రెండేళ్ళ కిందట ఎండలు ముదిరాక ఒక పూట దమయంతి, "చల్లటి చోట ఐదు రోజులు ఎవరికీ వండిపెట్టకుండా కూచుంటే ఎలా ఉంటుందండీ వదినగారూ?" అంది. వెళ్ళి చూస్తే గాని తెలియదని ఇద్దరూ తీర్మానించుకున్నారు.

"తమరిద్దరికీ పరస్పర సంబంధం?" అన్నాడు త్రినాథరావు.

"వియ్యపురాళ్ళమండి," అంది సత్యవేణి.

ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. "ఇద్దరూ ఒకే బస్సులోనా?"

"గది కూడా ఒక్కటే తీసుకున్నామండి."

దమయంతి చేతిసంచి జిప్పు ఒకసారి తీసి మళ్ళీ వేసింది.

"ఎవరి బలవంతం మీద?"

"బలవంతమేమిటండీ? సరదాపడి వెళ్తున్నాం."

త్రినాథరావు జాలిగా చూశాడు. నిబంధనలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. మండలి సహయాత్రికులను నాలుగు శ్రేణులుగా విభజించిందనీ, స్నేహితులూ అక్కచెల్లెళ్ళూ మొదటి శ్రేణిలోకి వస్తారనీ, భార్యాభర్తలు రెండో శ్రేణి అనీ, మూడోది ఉద్యోగ సంఘాల వారిదనీ వివరించాడు. వియ్యపురాళ్ళది నాలుగో శ్రేణి. ఆ శ్రేణి పేరు సహజ విరోధులు. అందులో వాళ్ళతోపాటు సవతులు, ఇంటివాళ్ళు–అద్దెవాళ్ళు, ఒకే నియోజకవర్గం నుంచి ఒకే పార్టీ టిక్కెట్టు ఆశించినవారూ ఉన్నారు.

"సహజ విరోధులు కలిసి ప్రయాణించుట నిషిద్ధం కాదు," అన్నాడు. "అయితే మండలి సమక్షంలో ఒక తగవు, తదుపరి ఒక రాజీ జరిగి ఉండవలెను. తమరి తగవు ఎప్పుడు జరిగింది?"

"మాకు తగవులేమీ లేవండి."

"లేకపోవడం కాదమ్మా, బయటపడకపోవడం. దీనిని మేము నిద్రాణ విరోధం అంటాము. లేచి తిరిగే విరోధం కన్న ఇది మిక్కిలి ప్రమాదకరం."

సత్యవేణి ఎంత అర్థంలేని మాటనైనా చివరిదాకా వింటుంది. ఎక్స్ఛేంజిలో అలవాటైన ఓపిక అది. "అయితే ఇప్పుడు మమ్మల్నేం చెయ్యమంటారు?" అని అడిగింది.

త్రినాథరావు కాసేపు ఆలోచించి షరతుల మీద అనుమతి ఇచ్చాడు. వియ్యపురాళ్ళిద్దరూ బస్సులో ఎక్కవచ్చు. దమయంతి మొదటి వరసలో, సత్యవేణి చివరి వరసలో కూర్చోవాలి. మధ్యలో ఆయన కూర్చుంటాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో తగవు పడటం ప్రాణాంతకం గనక, తగవూ రాజీ రెండూ కొండ మొదలు వచ్చేలోగా ముగించుకోవాలి. లేనిపక్షంలో అక్కడే దింపి వెనక్కి పంపేస్తారు.

బస్సు కదిలింది. ఏలూరు దాటేదాకా సత్యవేణికి ముందు సీటు మీదుగా దమయంతి కొప్పు తప్ప ఏమీ కనబడలేదు. ఎండ ఎక్కుతుండగా ఆమెకు దమయంతి ఆకలి గుర్తొచ్చింది. దమయంతికి పొద్దున్నే ఏదో ఒకటి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. పులిహోర డబ్బా తీసి తన ముందు వరస వాళ్ళకు ఇచ్చి, "మొదటి సీటావిడకి అందించండమ్మా," అంది. డబ్బా చేతులు మారుతూ సగం దూరం వెళ్ళి త్రినాథరావు దగ్గర ఆగిపోయింది.

ఆయన మూత తీసి చూశాడు. వాసన చూశాడు. లేచి వెనక్కి తిరిగి, "విరోధుల మధ్య ఆహార పదార్థముల మార్పిడి సున్నితమైన విషయం," అన్నాడు. "ఇందులో ఎత్తిపొడుపు ఏమైనా కలదా?"

"ఇంగువ ఉందండి," అంది సత్యవేణి.

పరీక్షార్థం ఒక పిడికెడు తిన్నాడు. సందేహం తీరక ఇంకో పిడికెడు తిన్నాడు. ఎత్తిపొడుపు లేదని తేలేసరికి డబ్బా అడుగున నాలుగు మెతుకులు, ఒక ఎండుమిరపకాయ మిగిలాయి. దాన్ని సగౌరవంగా మొదటి వరసకు పంపించాడు.

విజయవాడ దాటాక రోడ్డు పక్క హోటల్లో ఇడ్లీలకు ఆపినప్పుడు ఆయన ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తగవుకు పనికొచ్చే అంశాలు చెప్పాడు. మండలి గుర్తించినవి ఐదు: పెళ్ళి భోజనాలు, సారె, లాంఛనాలు, కోడలి వంట, పిల్లల పోలిక. ఏదైనా ఒకటి ఎంచుకోవచ్చు.

కొండ ఎక్కాలంటే తప్పదు కదా అని సత్యవేణి గొంతు సవరించుకుంది. "మీరు పెట్టిన సారెలో అరిసెలు రాళ్ళలా ఉన్నాయండీ వదినగారూ."

"నిజమేనండి, పాకం ముదిరిపోయింది," అంది దమయంతి. "పంపించాక నాకూ ఒకటే బాధ."

"అయ్యో, పాలల్లో నానబెట్టుకుని తినేశాం లెండి."

"అంగీకారం తగవు కాదమ్మా," అన్నాడు త్రినాథరావు విచారంగా. "తమరు కొంచెం సహకరించాలి."

పక్క బల్ల దగ్గర రిటైర్డ్ హెడ్మాస్టరు విశ్వపతి మాస్టారు ఇదంతా వింటున్నారు. ఆయన ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఉండబట్టలేక, "సారెలో అరిసెలు గట్టిగా ఉన్నాయని నిండు సభలో అనవచ్చునా? అదేం మర్యాద?" అన్నారు. ఆ మాట రొయ్యల వ్యాపారి పాపరాజు చెవిన పడింది. ఆయనకు ముగ్గురూ మగపిల్లలే. "గట్టిగా ఉంటే గట్టిగా ఉన్నాయనే అంటారండి. పళ్ళు ఎవరివండీ? మావే కదా," అన్నాడు.

బస్సు ఎక్కేసరికి మాస్టారి మాట ముందు వరసలకూ, పాపరాజు మాట వెనక వరసలకూ పాకింది. గుంటూరు దాటేసరికి ముందు వరసలవాళ్ళంతా ఆడపెళ్ళివారయ్యారు, వెనక వరసలవాళ్ళంతా మగపెళ్ళివారయ్యారు. ఒంగోలు వచ్చేసరికి ఇంతవరకూ ముక్కూ మొహం తెలియని మనుషులు ఒకరి వంశం గురించి ఒకరు మాట్లాడుకుంటున్నారు. కొత్తగా పెళ్ళయిన ఒక జంట మధ్య వరసలో చెరో పక్కకూ ఒరిగిపోయి, నడవకు అటూ ఇటూ కూర్చుంది. సత్యవేణి కిటికీలోంచి బయట తాటిచెట్లు చూస్తోంది. ఆమె పక్క సీటు ఆవిడ మోచేత్తో పొడిచి, "మీ తరఫునే కదండీ ఇంతమందిమీ గొంతు చించుకుంటున్నాం. మీరూ ఓ మాట అనండి," అంది.

"మీరు బాగానే అంటున్నారు కదండీ," అంది సత్యవేణి.

నెల్లూరులో భోజనాల దగ్గర పరిస్థితి ముదిరింది. మొదటి పంక్తి తమదేనని మగపెళ్ళివారు పట్టుపట్టారు. ఆడపెళ్ళివారు వడ్డన దగ్గర నిలబడమని పాపరాజు ఆజ్ఞాపించాడు. వడ్డించేది హోటలువాళ్ళని ఎవరికీ తట్టలేదు. రెండో పంక్తికి గడ్డపెరుగు అయిపోయి మజ్జిగ పోశారు. విశ్వపతి మాస్టారు విస్తరి ముందునుంచి లేచి నిలబడ్డారు.

అంతవరకూ ముచ్చటగా చూస్తున్న త్రినాథరావుకు ఆ దృశ్యం ఎక్కడో తగిలింది. ఆయన ఆ మాఘమాసంలోనే కూతురి పెళ్ళి చేశాడు. "పెరుగు కోసం ఒక పెద్దమనిషిని విస్తరి ముందు నుంచి లేపుతారుటండీ?" అన్నాడు. అప్పటికప్పుడు అది అధికారిగా అన్న మాట కాదని ఆయనకు తెలియలేదు. ఆ తరవాత ఆయన మధ్య సీటు వదిలేసి ముందు వరసలో మాస్టారి పక్కన కూర్చున్నాడు.

ఇంత జరిగినా ఉద్యోగధర్మం మరిచిపోలేదు. "ప్రతినిధుల తగవు చెల్లదు," అని వెనక్కి వచ్చి సత్యవేణిని హెచ్చరించాడు. "తగవు స్వయంగా పడాలి. ఇక ఒక్క మజిలీయే ఉంది."

ఆ ఒక్క మజిలీ పీలేరు. పొద్దు వాలుతుండగా టీ కోసం ఆపారు. రెండు పక్షాలూ రెండు టీ బడ్డీల దగ్గరికి విడిపోయాయి. వియ్యపురాళ్ళిద్దరూ ఈ గోల పడలేక వెనకగా ఉన్న మూడో బడ్డీ బెంచీ మీద కూర్చున్నారు. పొద్దుటి నుంచి పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి. త్రినాథరావు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

దమయంతి మోకాలు రాసుకుంటోంది. రోజంతా మెట్టు పక్క సీట్లో కాలు చాపుకోవడానికి చోటు లేక వాచిపోయింది. టీ గ్లాసులోకి చూస్తూ, "పొద్దున్న ఈయన అడిగినప్పుడు స్నేహితులం అని ఉంటే సరిపోయేది కదండీ," అంది.

"ఆయన అడిగింది సంబంధం కదండీ. ఉన్నది చెప్పాను."

"ఉన్నది అదేనాండీ?"

సత్యవేణి తల తిప్పి చూసింది. దమయంతి గొంతు తగ్గించే మాట్లాడుతోంది గాని, ఆ మాటలు ఇప్పుడు పుట్టినవి కావు.

"మీ పక్కింటావిడ దగ్గరా అంతే. బజార్లో అంతే. మా కోడలి వాళ్ళమ్మ, మా కోడలి వాళ్ళమ్మ. నాకొక పేరుందని మీ ఊళ్ళో ఒక్కళ్ళకి తెలియదు. మీ కోడలు లేకపోతే నేనెవర్నండీ మీకు?"

సత్యవేణికి చురుక్కుమంది. నాలుగేళ్ళుగా మడిచి లోపల పెట్టుకున్న మాట ఆమె దగ్గర కూడా ఒకటి ఉంది. "అంత స్నేహితులైతే మా ఇంట్లో ఒక్క రాత్రి పడుకున్నారాండీ?" అంది. "దీపాలు పెట్టేలోగా ఆఖరి బస్సంటూ పరిగెడతారు. వచ్చినప్పుడల్లా మీకని పక్క వేస్తాను. దుప్పటి తీసి పెడతాను. మీరెళ్ళాక మళ్ళీ మడిచి బీరువాలో పెట్టుకుంటాను. మా ఇల్లు మీకు ఆనదు కాబోలు అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను."

"అద్భుతం," అన్నాడు త్రినాథరావు. "కొంచెం గొంతు పెంచగలరా?"

"మీరుండండి," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

దమయంతి గ్లాసు బెంచీ మీద పెట్టింది. ఒక్క ముక్కే అంది. "గురకండి."

"ఏమిటండీ?"

"నాకు గురకండి. మామూలుది కాదు. రైసుమిల్లు ఆడినట్టుంటుంది. మా ఆయన ముప్పయ్యేళ్ళుగా వరండాలో పడుకుంటున్నాడు. అమ్మాయి అత్తారింట్లో పడుకుని నేనలా గురక పెడితే రేపు దానికెంత నామర్దా? అందుకని పరిగెత్తేదాన్ని. మీరు గది ఒకటే తీసుకున్నామన్న దగ్గర్నుంచి నాకు గుండెల్లో రాయి పడింది. పొద్దుట తిన్న నాలుగు మెతుకులు కూడా అరగలేదు."

సత్యవేణికి నవ్వు రాబోయింది. కానీ దమయంతి కళ్ళనిండా నీళ్ళున్నాయి. చెయ్యి పట్టుకుంది. "వదినగారూ, నేను పాత ఎక్స్ఛేంజిలో ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేశానండి. గోడ అవతల మెషిన్లు రాత్రంతా టకటకలాడుతుంటే రెస్ట్ రూములో ఆ చప్పుడుకే నిద్రపోయేదాన్ని. రిటైరయ్యాక ఇంట్లో ఆ నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టక చస్తున్నాను."

దమయంతి పమిటతో మొహం తుడుచుకుంది. "నిజంగానాండీ?"

"ఈ రాత్రి మీరే చూద్దురు గాని."

టీ బడ్డీ ఆమె, "ఇంగొక టీ పోసేదా అక్కా?" అని అడిగింది.

"పొయ్యమ్మా," అంది సత్యవేణి. "ఈవిడ దమయంతిగారు. నా స్నేహితురాలు. ఈవిడకి చక్కెర తగ్గించి పొయ్యి."

త్రినాథరావు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్క నిమిషం. తగవు అయిపోయిందా? మధ్యవర్తిని ఇంకా నియమించలేదు. మధ్యవర్తి లేకుండా రాజీ ఎలా కుదురుతుంది? పైగా తగవుకూ రాజీకీ నడుమ రెండు దినములు చల్లారే గడువు పాటించవలెను."

"అలా అయితే మరి కొండ మొదలు వచ్చేలోగా ముగించమన్నారేంటండీ?" అంది దమయంతి.

ఆ ప్రశ్న నిబంధనలలో లేదు. ఆయన వెళ్ళి మాస్టారి పక్కన కూర్చున్నాడు. దమయంతి కూడా ముందు వరసలో తన చోటికి వెళ్ళింది. సత్యవేణి మళ్ళీ చివరి సీటులోకి వెళ్ళి, మదనపల్లె దాటేదాకా ఏం చెయ్యాలో ఆలోచించింది. వెనక్కి పంపేస్తే ఇంత ప్రయాణమూ మళ్ళీ చెయ్యాలి. దమయంతి మోకాలు దానికి ఒప్పుకోదు. ఆలోచించగా ఒక్కటే తేలింది. అడిగినదానికి జవాబు చెప్పాలి, అడగనిదానికి చెప్పకూడదు.

చీకటి పడుతుండగా బస్సు కొండ మొదట్లో మండలి వారి గేటు ముందు ఆగింది. ప్రాంతీయ సౌహార్ద సంచాలకురాలు హైమవతి శాలువా కప్పుకుని బస్సు ఎక్కింది. అప్పటికి లోపల ఆడపెళ్ళివారు పిల్లని పుట్టింటికి తీసుకుపోతామంటున్నారు. ఏ పిల్లని అన్నది ఎవరూ అడగడం లేదు.

"నిశ్శబ్దం," అంది హైమవతి. "ఇందులో సహజ విరోధులు ఇద్దరున్నారని సమాచారం. ఎవరు వారు?"

సత్యవేణీ దమయంతీ చేతులెత్తారు.

"తగవు జరిగిందా?"

"జరిగిందండి," అంది సత్యవేణి. "పీలేరులో. మీ అధికారి సమక్షంలోనే."

"రాజీ?"

"అయిందండి."

"మేడమ్, చల్లారే గడువు..." అని లేచాడు త్రినాథరావు.

హైమవతి చెయ్యెత్తి ఆపింది. "చల్లారుటకు గడువు ఎందుకు పెట్టాము? వేడి తగ్గుటకు. పైన కొండ మీద వాతావరణం స్వభావసిద్ధంగా చల్లనిది. పైకి వెళ్ళినవారు చల్లారినవారుగా పరిగణింపబడుదురు. తగవు అయినది, రాజీ అయినది, ఈ బస్సులో నిబంధన సంపూర్ణంగా పాటించినది వీరిద్దరే. మిగతావారి సంగతేమిటి? నేను ఎక్కినప్పటి నుంచి వింటున్నాను. తగవు స్పష్టంగా ఉంది. రాజీ ఎక్కడ?"

రాజీ ప్రసక్తే లేదని పాపరాజు అన్నాడు. ముందు పెరుగు సంగతి తేల్చమని మాస్టారు అన్నారు.

"అయితే దిగండి," అంది హైమవతి. "రెండు దినములు కింద మా సౌహార్ద భవనంలో ఉండవలెను. ఘాట్ రోడ్డు మీద రాజీ పడని విరోధులను అనుమతించు ప్రశ్నే లేదు."

రెండు పక్షాలూ పోటాపోటీగా దిగాయి. ముందు ఎవరు దిగాలన్న దాని మీద మెట్టు దగ్గర కొంత ఆలస్యం జరిగింది. చివరికి త్రినాథరావు ఒక్కడూ మిగిలాడు. హైమవతి ఆయన్ని చూసింది.

"మీరు ఏ పక్షం?"

ఆయన ఎంత నిజాయితీపరుడంటే అబద్ధం నోట రాలేదు. "ఆడపెళ్ళివారమండి," అన్నాడు తల వంచుకుని. తన మీద తానే నిబంధన చదువుకుని, బ్యాడ్జీ సరిచేసుకుని, హుందాగా బస్సు దిగిపోయాడు. కిందనుంచి మాస్టారు ఆయనకు చెయ్యి అందించారు. ఆయన వెనకే హైమవతీ దిగింది.

నియమం ప్రకారం డ్రైవరు అబ్బులు వాహనంలో భాగం. అతనికి తగవులు వర్తించవు. తనూ, ఇద్దరు ఆడవాళ్ళూ, నలభై సీట్లూ మిగిలాక అబ్బులు గేరు వేశాడు. సత్యవేణి లేచి ముందుకు వచ్చి తను లోపలి సీటులోకి జరిగి, దమయంతిని వాచిన కాలు నడవలోకి చాపుకోమంది. బస్సు మలుపులు తిరుగుతూ పైకి పోతోంది. కిటికీలోంచి నీలగిరి చెట్ల వాసన, వెంబడే చలి. అత్తిలిలో ఈ వేళకు కూడా ఫ్యాను వేడిగాలి కొడుతుంటుంది. దమయంతి శాలువా తీసి ఇద్దరి భుజాల మీదా కప్పింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. రోజంతా వాళ్ళ తరఫున అందరూ మాట్లాడేశారు.

పైన అతిథిగృహం ముందు సన్నాయి వినబడింది. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బస్సులోంచి ఇద్దరే దిగడం చూసి వెనక ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు. ఎవరూ లేరని తెలిశాక మొహం పాలిపోయింది.

"స్వాగత సత్కారం నలభై మందికి మంజూరైందండి," అన్నాడు. "నలభై దండలు. అన్నీ వేసినట్టు రేప్పొద్దున్న ఫొటో పంపాలి. ఒక్క దండ మిగిలినా నాకు సంజాయిషీ నోటీసు వస్తుంది."

సత్యవేణి దమయంతి వైపు చూసింది. దమయంతి కుంటడం చూసి మేనేజరు రెండు కుర్చీలు వేయించాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సన్నాయివాళ్ళు అందుకున్నారు. ఒకరికొకటి, ఒకరికొకటి, బంతిపూల దండలు పడుతున్నాయి. మొదట మెడ మునిగింది. తరవాత గడ్డం, తరవాత నోరు. నలభయ్యో దండ పడేసరికి అక్కడ కుర్చీల్లో రెండు పూలకుప్పలు తప్ప మనుషుల జాడ లేదు. మేనేజరు ఊపిరి పీల్చుకుని స్వాగతోపన్యాసం అందుకున్నాడు. అది కూడా నలభై మందికి సరిపడా ఉంది.

ఉపన్యాసం మధ్యలో ఎడమ కుప్పలోంచి చిన్నగా ఒక గొంతు వచ్చింది.

"సత్యవేణిగారూ, ఉన్నారా?"

"ఉన్నానండి," అంది కుడి కుప్ప. "కనబడటం లేదు గానీ, ఇక్కడే ఉన్నాను."